ప్రింటరు వెంట తలుగు ఇవ్వరు

వస్తువు అమ్మినవాడి బాధ్యత ఎక్కడిదాకా ఉంటుందని ఎవరైనా చర్చ మొదలుపెడితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. కోపం ఎందుకంటే, ఒక సెకండ్‌హ్యాండ్ ప్రింటరును ఒళ్లో పెట్టుకుని చేవెళ్ల బస్సులో పోతూ వస్తూ నేను పడ్డ పాట్లు ఇప్పటికీ నా మోకాళ్లకు గుర్తున్నాయి. నవ్వు ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద నాకొక చిన్న మడిగె ఉండేది. జిరాక్సు, టైపింగు, స్పైరల్ బైండింగు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్న రోజులు. మెహిదీపట్నం బస్సులో ఎవరిని కదిలించినా కంప్యూటర్ కోర్సుల గురించి, మాదాపూర్‌లో కడుతున్న అద్దాల బిల్డింగుల గురించి మాట్లాడేవారు. నేను పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ అనే పల్లె నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి షట్టరు ఎత్తేదాన్ని. మా ఇంట్లో అంతా పొలం పనులు, కూలి పనులు చేసుకుంటూ వచ్చినవాళ్లే. చర్చిలో పాటల పుస్తకం చదవడం కోసం మా అమ్మ పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంది. నేను టైపు నేర్చుకున్నాను. ఆ షట్టరు తాళంచెవి నా చేతికి వచ్చిన రోజు మా అమ్మ నాకంటే ఎక్కువ మురిసిపోయింది.

కాలేజీ పిల్లలు ఏడాది పొడవునా ఒకటీ అరా కాగితాలే తెచ్చేవారు. వాళ్ల ప్రాజెక్టు రిపోర్టుల సీజనే నాకు పంట. లావుపాటి రిపోర్టులు, ఒక్కోదానికి ఇన్ని కాపీలు, అట్టలు, బైండింగు. సరిగ్గా ఆ సీజన్ ముందు నా పాత ప్రింటరు చేతులెత్తేసింది. అది కిరకిరమంటూ చుక్కలతో అక్షరాలు కొట్టే రకం. ఎలాగూ కాలేజీ వాళ్లు లేజర్ ప్రింటే కావాలంటున్నారు. అంతకుముందే మడిగె ఓనరు వచ్చి, "రియల్ ఎస్టేటోళ్లు ఆఫీసుకు అడుగుతున్నరు బిడ్డా. ఈ సీజన్ జూస్త. నడిస్తే నువ్వే ఉండు, లేకుంటే ఆళ్లకిస్త" అని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. మర్యాదగా చెప్పినంత మాత్రాన గుండె దడ తగ్గదు కదా! కొత్త లేజర్ ప్రింటరు కొనే తాహతు నాకు లేదు. మడిగె పోతే మళ్లీ కూలిపనికి పోవడం తప్ప దారి లేదు.

చేవెళ్లలో ఒకచోట పాత కంప్యూటర్లు అమ్ముతారని విని వెళ్లాను. అది షాపు అనడానికి లేదు, ఇంటి ముందు గది. పట్నంలో కంపెనీలు పాత సామాను తీసేస్తుంటే ఆ ఇంటి అబ్బాయి పట్టుకొచ్చి తుడిచి, బాగుచేసి అమ్ముతాడు. అంతకుముందు వాళ్లది బర్రెల బేరం. ఆ అబ్బాయి తండ్రి చుట్టుపక్కల పశువుల అంగళ్లన్నీ తిరిగి బర్రెలు కొని అమ్మినవాడు. బర్రెలు మేసే చెలక భూములన్నీ ప్లాట్లు అయిపోతుండడంతో బేరం తగ్గింది. దొడ్లో ఒకటో రెండో బర్రెలు మిగిలాయి, ముందు గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి.

ఆ గదిలో నన్ను ఆకట్టుకున్నది గోడ. గోడ పొడవునా మేకులు, ఆ మేకులకు బర్రెల్ని కట్టే పాత తాళ్లు. వాటిని మా వైపు తలుగులు అంటాం. కొన్ని పేడ అంటి ఎండిపోయినవి, కొన్ని నూనె పట్టి నల్లబడ్డవి. ఆ వరసలోనే చివర్లో కంప్యూటర్ల వైర్లు, కేబుళ్లు వేలాడుతున్నాయి. గోడ మీద మరోవైపు కొత్తగా రాయించిన బోర్డు, "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని.

ఆ అబ్బాయి లేజర్ ప్రింటరును తన కంప్యూటరుకు తగిలించి ఒక కాగితం తీసి చూపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాట్లాడుకున్నాం, ఇచ్చిపుచ్చుకోవడం అయింది. ప్రింటరును అట్టపెట్టెలో పెడుతూ కేబులు పీకి పక్కన పెట్టేశాడు.

"తమ్మీ, కేబులు?" అన్నాను.

అరుగు మీద కూర్చున్న తండ్రి లోపలికి తొంగిచూశాడు. "తలుగు ఇయ్యం బిడ్డా. గొడ్డును అమ్ముతం గని తలుగు అమ్మం. అది మా దగ్గర్నే ఉంటది. కొన్నోళ్లు కొత్త తాడు తెచ్చుకోవాలె."

అబ్బాయి సిగ్గుపడిపోయాడు. "మా బాపు పట్టింపు, మేడమ్. తలుగు ఇస్తె దొడ్లె ఉన్న బర్కతు, అదే కలిసొచ్చుడు, కూడ దాని ఎంట పోతదంట. కేబుల్ యాడనైనా దొరుకుతది. మీ పాత ప్రింటర్‌ది ఉన్నది గద, అదే పెట్టుకోండ్రి."

నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్ కేబులుకు బర్రె తలుగు ఆచారం! ఇంటికెళ్లి మా అమ్మకు చెప్పి నవ్వుకోవాలనుకున్నాను. మా పాత కేబులు ఎలాగూ ఉంది, ఆయన బర్కతు ఆయన దగ్గరే ఉండనీ అనుకుని బస్సెక్కాను.

మడిగెలో పెట్టె విప్పాక నవ్వు పోయింది. నా పాత కేబులు మూతి అరచేయంత వెడల్పు, దాన్నిండా సూదులు. కొత్తగా తెచ్చిన ప్రింటరుకు చిన్న చదరపు కన్నం, చిటికెనవేలు కూడా దూరదు. సరే, అలాంటి కేబులే కొందామని నా కంప్యూటరును గోడ నుంచి జరిపి వెనక చూస్తే, ఆ కేబులు రెండో కొస పెట్టడానికి దానికసలు చోటే లేదు. అది అంత పాతది. మెహిదీపట్నంలో తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "కార్డు ఏసి చూడొచ్చు గని, మీ సిస్టం అది తీసుకుంటదో లేదో గ్యారంటీ చెప్పలేను" అన్నాడు. చూస్తుండగానే ఆ సాయంత్రం ఇద్దరు పిల్లలు రిపోర్టు పట్టుకొచ్చి, ప్రింటు రాదని తెలిసి, పట్నం బస్సెక్కి వెళ్లిపోయారు. వాళ్లను చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ప్రింటరును ఒళ్లో పెట్టుకుని మళ్లీ చేవెళ్ల. అబ్బాయి నా మాట మొత్తం విన్నాడు. విని, బోర్డు వైపు చూపించాడు.

"మా మాల్‌ల నుక్స్, లోపం ఏమన్న ఉన్నదా మేడమ్? మీ ముంగట్నే తీసి చూపించిన. మీ సిస్టం పాతదైతే నేనేం జేస్త?"

"నా సిస్టం ఏందో నువ్వు అడిగినవా?"

"మీరు చెప్పిండ్రా?"

నిజం చెప్పాలంటే ఆ అబ్బాయి మాటలో అబద్ధం ఒక్కటి లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. అబద్ధం ఆడేవాడితో పోట్లాడటం సులువు. ప్రింటరు మంచిది, వాళ్ల దగ్గర పనిచేసింది. నా కంప్యూటరూ మంచిదే, ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టింది. రెండూ కలిస్తేనే పని జరగడం లేదు. అలాంటప్పుడు తప్పెవరిదని అంటాం? నాకు జవాబు తెలియలేదు గానీ గొంతు మాత్రం బాగా పెంచాను. వాడకట్టంతా వినేలా పెంచాను.

తండ్రి అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. ఆయన నన్ను కాకుండా కొడుకును అడిగాడు. "ఆమె ఇంటికి ఎవలు పోయిండ్రు?"

"ఎందుకు పోవుడు?"

"అమ్మినంక అక్కడ ఇస్తున్నదో లేదో ఎవలు చూసిండ్రు అని అడుగుతున్న."

అప్పుడు నాకు వాళ్ల బర్రెల బేరంలో ఉన్న పద్ధతి చెప్పాడు. బర్రె కొత్త ఇంటికి పోయినప్పుడు బెదురుతుంది. కొత్త చెయ్యి తగిలితే పాలు పొదుగులోకి దించదు. పాలు దించడాన్నే చేపడం అంటారు. బర్రెకు రోగం ఉండదు, కొన్నవాళ్ల చేతిలో లోపం ఉండదు, అయినా అది చేపదు. అందుకని ఆయన బర్రెను అమ్మితే దాని వెంటే పోయేవాడు. అది కొత్త ఇంట్లో చేపేదాకా అక్కడే ఉండి తానే పిండి చూపించి, వాళ్ల చేతికి అలవాటు చేసి వచ్చేవాడు. ఎంతకీ చేపకపోతే వెనక్కి తోలుకొచ్చేవాడు.

"పా బిడ్డా," అని తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"బాపూ, నీకేం తెలుసు దాని గురించి?" అన్నాడు కొడుకు.

"నాకేం దెల్వది. పోవుడైతే తెలుసు."

వచ్చాడు. నా మడిగెలో స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన వల్ల కాణీ ఉపయోగం లేదని ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రింటరు చుట్టూ తిరిగి చూశాడు, కాగితాలు పెట్టే అర లాగి, "మేత ఈడ ఏస్తరా?" అని అడిగాడు. తర్వాత ఊరికే కూర్చున్నాడు. షట్టరు ముందు ఎవరు ఆగినా నాకంటే ముందు తనే, "ఇయ్యాల ఇస్తలేదు, రేపు రాండ్రి" అని పంపేశాడు. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు కూడా వెనక్కి పోతుంటే నేను పరుగెత్తి పిలుచుకోవలసి వచ్చింది. "బాపూ, జర నోరు మూసుకొని కూసో" అనబోయి, ఆయన తెల్ల మీసాలు చూసి, చాయ్ తెప్పించి ఇచ్చాను. చాయ్ తాగేటప్పుడైనా మాట్లాడడని ఆశ.

మధ్యాహ్నం చేవెళ్ల కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు ఒకాయన టైపు మిషను మీద అఫిడవిట్ కొట్టించుకోవడానికి వచ్చాడు. నా కడుపుమంటంతా ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నీ దగ్గర ఏ కంప్యూటర్ ఉన్నదో, దేనికోసం కొంటున్నవో వాళ్లకు చెప్పినవామ్మా? చెప్పి, వాళ్ల మాట నమ్మి కొంటే బాధ్యత వాళ్లది. చెప్పకుంటే మాత్రం కష్టం. వస్తువుల లోపం లేదు గద" అన్నాడు. చెప్పలేదు. చెప్పాలని నాకు తెలియదు. అడగాలని ఆ అబ్బాయికీ తెలియదు. మా ఇద్దరికీ కంప్యూటరు అంటే కంప్యూటరే, ప్రింటరు అంటే ప్రింటరే. ఒక కంప్యూటరుకు పడేది ఇంకోదానికి పడదన్న సంగతి అప్పుడప్పుడే అందరమూ దెబ్బలు తిని నేర్చుకుంటున్నాం.

వకీలు వెళ్లాక ఆ పెద్దాయన తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు. "ఆమె చెప్పలే, వాడు అడగలే. మంచిగనే ఉన్నది. ఇద్దరు గట్లనే కూసుంటే మరి పాలెట్ల?"

వకీలు చెప్పింది ఒప్పే. అయితే ఆయన తప్పెవరిదో తేల్చి ఆగాడు. ఈ ముసలాయన తప్పు జోలికే పోలేదు. ఈ తేడా నాకు ఆ రోజు సరిగ్గా అర్థమైందని చెప్పను. ఆ రోజు నాకు అర్థమైంది, నా మడిగెలో ఒక మొండి మనిషి కూర్చున్నాడని మాత్రమే.

పొద్దు వాలుతుండగా కొడుకు మోటార్ సైకిల్ మీద తండ్రిని తీసుకుపోవడానికి వచ్చాడు. తండ్రి లేవలేదు.

"అది నిన్న ఏ కంప్యూటర్‌కు కడితే ఇచ్చిందో, ఆ కంప్యూటర్ తే."

"అదెందుకు?"

"దుడ్డెను మన దొడ్లె కట్టేసుకొని తల్లినొక్కదాన్ని తోలినవ్. ఎట్ల చేపుతది?"

"అయ్యో బాపూ! ఇది బర్రె గాదు, మిషన్. మిషన్‌కు తల్లీపిల్లా ఉండయ్. ఆ సిస్టంల దీనికి పోర్ట్ ఉన్నది, ఈ సిస్టంల లేదు. గంతే."

"నేను కూడ గదే అంటున్న."

కొడుకు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను, నవ్వు ఆపుకోవడానికి. అబ్బాయి బాధ అబ్బాయికి ఉంది. వాళ్ల షాపులో అన్నింటికన్నా మంచి కంప్యూటర్ అది ఒక్కటే. గిరాకీ వస్తే ఏ సామానైనా దానికే తగిలించి చూపించాలి. అది నాకిస్తే సీజన్ అయ్యేదాకా అతని షాపు కుంటుతూ నడవాలి. ఆ మాటే గొంతు తగ్గించి తండ్రికి చెప్పాడు. తండ్రి విన్నాడు. విని, "బర్రెను వాపసు తోలుకపోదామా మరి? ఏదో ఒకటి చెప్పు. ఆమె మడిగె ఖాళీగ ఉన్నది" అన్నాడు.

వాపసు తీసుకున్నా నాకు ఇంకో ప్రింటరు ఎక్కడ దొరుకుతుందని? సీజన్ నెత్తి మీదికి వచ్చేసింది. ఆ సంగతి అబ్బాయికీ తెలుసు. తండ్రిని బండి వెనక ఎక్కించుకుని తీసుకుపోయాడు. మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఆటోలో కంప్యూటరుతో, కేబులుతో, తండ్రితో సహా దిగాడు. మొఖం గంటు పెట్టుకునే ఉన్నా, అన్నీ శ్రద్ధగా బిగించాడు. నా ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించాడు. మొదటి కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. పెద్దాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, చదువు రాకపోయినా పైనుంచి కిందికి మొత్తం చూశాడు.

"చేపింది," అన్నాడు.

ఆ సీజన్ నేను ఎలా గడిపానో నాకే తెలియదు. పిల్లలు వరసకట్టారు. అన్నం తింటూ బైండింగు చేశాను, బైండింగు చేస్తూ తిట్లు తిన్నాను. అబ్బాయి వారానికోసారి వచ్చి చూసిపోయేవాడు. మొదట్లో మేడమ్ అనేవాడు, ఎప్పుడో తెలియకుండానే అక్కా అనడం మొదలుపెట్టాడు. రియల్ ఎస్టేట్ వాళ్లకు ఓనరు వేరే చోటు చూపించాడట. ఆ మాట విన్న రోజు షట్టరు దించేసి లోపల కూర్చుని మనసారా ఏడ్చాను. మా అమ్మ చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఆ ప్రార్థనలో చేవెళ్ల పెద్దాయన పేరు కూడా ఉంది.

సీజన్ అయ్యాక, వచ్చిన దాంతో నేను కొత్త కంప్యూటర్ కొనుక్కున్నాను. దానికి ఆ చదరపు కేబులుకు తగ్గ పోర్టు ఉందో లేదో వేలితో తడిమి చూసుకుని మరీ కొన్నాను. వాళ్ల కంప్యూటరును తీసుకుపోవడానికి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి వైర్లన్నీ విప్పి, చివరికి ప్రింటరు కేబులు మీద చెయ్యి వేశాడు. వాళ్ల తలుగు వాళ్లు తీసుకుపోతారని నాకు తెలుసు. పట్నం నుంచి కొత్తది తెప్పించుకుందామని నేను అనుకునే ఉన్నాను.

"ఉండనియ్యి," అన్నాడు తండ్రి.

"నువ్వే గద బాపూ, తలుగు ఇయ్యొద్దంటవ్?"

"ఇన్ని దినాలు ఈడ కట్టుకు అలవాటైంది. ఇప్పుడు ఇప్పుతే బెదురుతది."

నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. ఆయన వినలేదు. మీసాల్లోంచి నవ్వి, "ఫికర్ చెయ్యకు" అని ఆటో ఎక్కాడు.

తర్వాతి సంవత్సరాల్లో కొత్త కంప్యూటర్ల ధరలు దిగుతూ వచ్చాయి. పాతవాటిని అడిగేవాళ్లు తగ్గారు. ఆ అబ్బాయి షాపు మూసి గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరాడు. మంచి జీతమే. దొడ్లో మిగిలిన బర్రెలూ పోయాయని బస్సులో ఎవరో చెప్పారు. కారణాలు నాకు తెలుసు. ధరలు, ప్లాట్లు, కాలం. నేను తలుగులనూ బర్కతునూ నమ్మే ఇంట్లో పుట్టలేదు. అయినా ఆ వార్త విన్నప్పటి నుంచి ప్రింటరు వెనక ఆ కేబులును చూస్తే నా మనసు ఒక చోట ఉండేది కాదు. ఆయన నా కోసం ఇవ్వకూడనిది ఇచ్చాడు. నేను వాడుకుంటూ కూర్చున్నాను.

ప్రింటరు ఇంకా గట్టిగానే ఉంది గానీ నా పనికి చాలక, పెద్దది తెచ్చుకుని దాన్ని అమ్మడానికి పెట్టాను. అజీజ్‌నగర్‌లో మొక్కల నర్సరీ నడిపే ఒకాయన బిల్లుల కోసం అడిగాడు. మడిగెలోనే ప్రింటు తీసి చూపించమన్నాడు.

"ఈడ చూపించుడు కాదన్నా. ముందుగాల నీ కంప్యూటర్ చూపించు," అన్నాను.

ఆయన విచిత్రంగా చూశాడు. అమ్మేవాళ్లు ఇల్లు చూస్తామనడం ఆయన ఎప్పుడూ వినలేదు కాబోలు. ఆటోలో ప్రింటరు పెట్టుకుని నర్సరీకి వెళ్లాను. గులాబీ కుండీల మధ్య రేకుల గదిలో ఆయన కంప్యూటరు వెనక వంగి చూసుకున్నాను. తగిలించాను. రెండు మూడు బిల్లులు తీయించి, ఆయన చేతే నొక్కించి, ఆయనంతట ఆయన తీయగలిగేదాకా కూర్చున్నాను. కేబులు మాత్రం నాతో తెచ్చిన కొత్తది పెట్టాను. పాతదాన్ని చుట్టి సంచిలో వేసుకున్నాను.

అటునుంచి అటే చేవెళ్ల బస్సెక్కాను. ఈసారి ఒళ్లో బరువేమీ లేదు. పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. ముందు గదిలో కంప్యూటర్లు లేవు, బోర్డు లేదు, గడ్డివాసన కూడా లేదు. గోడకు మేకులు, తలుగులు, పాత వైర్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఏ మేకూ ఖాళీగా లేదు, వరస చివర్లో ఒక్కటి తప్ప.

"బాపూ, అమ్మేసిన. కొత్త ఇంట్ల చేపినంకనే వచ్చిన," అని కేబులు ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని విప్పి, మళ్లీ తలుగును చుట్టినట్టు చుట్టాడు. నేను చెయ్యి అందించినా పట్టుకోకుండా లేచి, గోడ పట్టుకుని నడిచి, ఖాళీ మేకుకు వేలాడదీశాడు. కాసేపు వరసంతా చూసుకున్నాడు.

"ఇన్ని దినాలు ఒక్కటి తక్కువుండె," అన్నాడు.